"నూకలు చెల్లాయి" అంటే అయిపోయాయనేనా?

అందరికీ నమస్కారం.

పోయిన వారం ఇక్కడ ఒక చెల్లెమ్మ అడిగింది: "ఎవరైనా పోతే భూమ్మీద నూకలు చెల్లాయి అంటారు కదా, బియ్యం అనకుండా నూకలు అని ఎందుకన్నారు?" అని. నలుగురైదుగురు మంచి జవాబులే ఇచ్చారు. నేను రెండుసార్లు రాయబోయి చెరిపేశాను. ఆ మాటతో నాకు ఈ ఏడాది పెద్ద పేచీయే నడిచింది. రెండు ముక్కల్లో తేలేది కాదని ఇలా విడిగా రాస్తున్నాను. పొడవైతే ఏమీ అనుకోకండి.

మాది పర్లాకిమిడి. ఒడిషాలో గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. మా తాత మద్రాసు రాజధానిలో పుట్టాడు. 1936 ఏప్రిల్ 1న, ఉన్న ఇంట్లోంచి కదలకుండానే ఒరిస్సావాడయ్యాడు. అప్పటినుంచీ మాకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు కాబట్టి, ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడే మాటకు విలువుందని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. నేను బియ్యం మిల్లులో గుమాస్తాని. ఇరవై ఏడేళ్ళుగా ధాన్యం లెక్క, బియ్యం లెక్క, నూకల లెక్క, తవుడు లెక్క రాయడమే నా పని. అందుకని ఈ మాటలో నూకలూ నాకు తెలిసినవే, చెల్లూ నాకు తెలిసిందే అనుకునేవాణ్ణి.

అమ్మ పోయిన కార్తీకంలో పోయింది. డెబ్భై తొమ్మిదేళ్ళు.

ముందు నూకల సంగతి చెప్తాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో దంపుడు బియ్యమే. అమ్మ చేట పట్టుకుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ముందు చెరిగేది. చేట పైకీ కిందికీ ఎగరేస్తుంటే పొట్టు, తవుడు ముందుకెళ్ళి పడేవి. ఆ తర్వాత నేమేది. చేటని కాస్త వాలుగా పట్టుకుని, మణికట్టుతో చిన్న చిన్న కుదుపులిస్తూ తిప్పేది. చూస్తుండగానే నిండు గింజలు ఒక వైపుకీ నూకలు ఇంకో వైపుకీ వాటంతట అవే విడిపోయేవి. నేను ఎన్నిసార్లు పట్టినా రెండూ మళ్ళీ కలిసిపోయేవి. నిండు బియ్యం చుట్టాలకి, పండగలకి, నాన్న క్యారేజీకి. నూకలు అమ్మకీ మాకూ. నూకల జావ, నూకల ఉప్మా, జ్వరం వస్తే నూకల గంజి. అమ్మ అయితే దాదాపు ఎప్పుడూ అవే తినేది.

పేదవాడి తిండి కాబట్టి నూకలు అన్నారని ఒక మిత్రుడు రాశారు. కొంత నిజమే. నాకు తోచింది ఇంకొకటి. మా వైపు ఇళ్ళల్లో బియ్యం అమ్మకానికి, పెట్టుబడికి, మర్యాదకి. కడుపులోకి వెళ్ళేవి నూకలు. రైతు ఇంట్లో కూడా బస్తాల్లో బియ్యం ఉండగానే పొయ్యి మీద నూకలు ఉడికేవి. అందుకని మనిషికి ఈ భూమ్మీద తనవంటూ దక్కినవేవి అని చూస్తే, తను నిజంగా తిన్న ఆ నూకలే. మిల్లులో కూడా అంతే. ప్రభుత్వానికి పెట్టేటప్పుడు క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు లెక్క అప్పజెప్పాలి. నూక శాతం మించితే లాటు వెనక్కొస్తుంది. ఎండ ఎక్కువై గింజలో తేమ తగ్గితే లోపలే సన్నని పగుళ్ళు పడతాయి, రాపిడికి విరిగిపోతుంది. అంటే అది నాసి గింజ కాదు. నిండు గింజే, విరిగింది.

అమ్మ ఈ మాటని బతికుండగా తన మీద తనే వాడుకునేది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ గాలికి మా పెరట్లో మునగచెట్టు విరిగి, అమ్మ పడుకునే వసారా మీద పడింది. రేకు రెండుగా చీలి మంచానికి జానెడు దూరంలో దిగింది. మేం పరిగెత్తుకెళ్ళేసరికి మంచం మీద లేచి కూర్చుని తలలో దుమ్ము దులుపుకుంటోంది. "ఏటిరా ఆ టెన్షను, నాకింకా భూమ్మీద నూకలున్నాయి" అంది. ఆ మాట ఎంత హాయిగా అందంటే, ఆ రోజు కరెంటు లేని చీకట్లో మేమంతా అదే తలుచుకుని నవ్వుకున్నాం.

తర్వాత ఏడేళ్ళు బానే ఉంది. కిందటి వేసవిలో జబ్బు బయటపడింది. పెద్దాసుపత్రిలో నెలన్నర తిప్పాం. చివరికి డాక్టరు నన్ను పక్కకు పిలిచి "ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. అమ్మకి జబ్బు పేరు చెప్పలేదు. గ్యాస్ అన్నాం, రక్తం తక్కువన్నాం. ఆవిడ "అలాగా" అంది.

మా పక్కింట్లో ఒక ఒడియా పెద్దావిడ ఉంటుంది. నాకు మౌసీ, అంటే పిన్ని వరస. నలభై ఏళ్ళుగా అమ్మా ఆవిడా గోడ మీదుగా కూర గిన్నెలు మార్చుకున్నవాళ్ళు. అమ్మ ఒడియాలో సగం తెలుగు, మౌసీ తెలుగులో సగం ఒడియా. అమ్మ నీళ్ళు కూడా మింగలేని రోజు మధ్యాహ్నం మౌసీ వచ్చి, కొంగు ముడి విప్పి చిన్న ఎర్రగుడ్డ మూట తీసింది. అందులో ఎండిపోయి రాళ్ళలా గట్టిపడిన అన్నం మెతుకులు. పూరీ నుంచి తెచ్చుకున్న నిర్మాల్యం. మూడు మెతుకులు తులసి నీళ్ళలో వేసి, మెత్తబడేదాకా అరచేతిలోనే పట్టుకుని కూర్చుంది. తర్వాత వేలి కొసతో అమ్మ నాలుక మీద పెట్టింది. అమ్మ కళ్ళు తెరవలేదు గానీ దవడ కదిలింది. నమిలింది. నేను చూశాను. అమ్మ ఈ భూమ్మీద తిన్న ఆఖరు తిండి అదే.

ఇక్కడ భాష సంగతి ఒకటి చెప్పాలి. ఆంధ్రా వైపు మిత్రులకి నిర్మాల్యం అంటే నిన్నటి పూలు. దేవుడి మీంచి తీసేసినవి, తొక్కకుండా చెట్టు మొదట్లో వేసేవి. ఒడిషాలో నిర్మాల్యం అంటే జగన్నాథుడి మహాప్రసాదం అన్నాన్ని ఎండబెట్టినది. ఇంటింటా దాచుకుంటారు. ప్రాణం పోయేవేళ నోట్లో వేస్తారు. దానికే కైబల్య అని ఇంకో పేరు. కైబల్య అంటే మన కైవల్యమే. మనకది పద్యాల్లో కనిపించే పెద్ద మాట, మోక్షమని అర్థం రాసుకుంటాం. మౌసీకి అది కొంగున కట్టుకున్న మెతుకు. దాన్ని గుడి ఆవరణలో ఎండబెట్టే చోటు పేరు కోయిలి వైకుంఠం. నవకళేబరంలో, అంటే జగన్నాథుడి కర్ర విగ్రహాలు మార్చి కొత్తవి పెట్టే వేడుకలో, పాత విగ్రహాల్ని పూడ్చేదీ అక్కడే. దేవుణ్ణి పూడ్చిన నేల మీద ఎండిన అన్నం, పోతున్న మనిషి నోట్లోకి వస్తుంది. అమ్మ పోయాక ఒక రాత్రి ఇది తట్టి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అసలు పేచీకి వస్తాను.

అమ్మ పోయిందని తెలిసి వచ్చినవాళ్ళందరూ అదే మాట. "ఏం చేస్తాం బాబూ, నూకలు చెల్లాయి." పొద్దున్నుంచి సాయంత్రం దాకా పది నోళ్ళలో విన్నాను. అమ్మ నోట్లో నవ్వు తెప్పించిన మాటే, వాళ్ళ నోట్లో వింటుంటే ఒళ్ళు మండిపోయింది. నా ముందున్న మనిషిని ఎవరో కాటాలో పెట్టి తూచి, ఇంతే అని బస్తా మూతి కుట్టేసినట్టు అనిపించింది. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు "అమ్మా" అని పిలవమన్నారు. పిలిచాను. దింపుడు కళ్ళం ఆశ అని మనం ఎన్నికల్లో ఓడిపోయేవాడికీ, మ్యాచి పోయేటప్పుడూ తేలిగ్గా వాడేస్తాం. ఆ చోట మోకాళ్ళ మీద కూర్చుని పిలిచినవాడు మళ్ళీ అలా వాడలేడు. ఆ మాటలోనూ కళ్ళమే ఉంది చూడండి. నూర్చేచోటు.

కోపానికి ఇంకో కారణం ఉంది. అమ్మకి రోజూ పొద్దున్నే గోడ మీద పిడికెడు నూకలు చల్లే అలవాటు. పిచ్చుకలకి, గోరింకలకి. మూత సొట్టబోయిన పాత పాలపొడి డబ్బాలో పోసి వసారా మేకుకి తగిలించుకునేది. మూడో రోజు ఆ డబ్బా దించి చూస్తే సగం నిండుగా ఉంది. నూకలు చెల్లాయంటారేమిటి, ఇవిగో ఉన్నాయి కదా అనిపించింది. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదు.

ఆ తర్వాత మందుల డబ్బా సర్దుతుంటే ఇంకొకటి. మాత్రల అట్టలు బోలెడు మిగిలిపోయాయి. వాటి మీద తేదీలు వచ్చే ఏడాదికీ, ఆపై ఏడాదికీ ఉన్నాయి. కాలం చెల్లిన మందులు అని పేపర్లో రాస్తారే, ఇవి కాలం చెల్లనివి. మందులకి ఇంకా కాలం ఉంది, మనిషికి లేదు. చెల్లడం అనే మాట అప్పటినుంచి నన్ను వదల్లేదు.

పెద్ద కార్యం అయిపోయాక అమ్మ ట్రంకు పెట్టె తెరిచాను. చీరల అడుగున ఒక గీతల పుస్తకం. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది, అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా రాస్తుంది. చేబదుళ్ళ లెక్క అది. మాకెవరికీ తెలీదు. పేర్లు కూడా కాదు, మనుషుల గుర్తులు. పాలమ్మి 300. ఇస్త్రీ అబ్బి 150. మూలింటి కోడలు 1,000. అలా పదకొండు వరసలు, నీలం పెన్నుతో, కొన్ని ఏళ్ళ నాటివి. ప్రతి వరసకీ ఎదురుగా ఎర్రపెన్నుతో "చెల్లు".

నేను గుమాస్తాని. వేరు వేరు రోజుల్లో రాసిన రాత ఒక్కలా ఉండదు. సిరా మారుతుంది, ఒత్తు మారుతుంది, అక్షరం వాలు మారుతుంది. ఈ పదకొండు చెల్లులూ ఒకే చేతితో, ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో రాసినవి. చేయి వణికింది. చివరి రెండిట్లో ల వత్తు గీతలోంచి బయటికి జారిపోయింది. ఆ ఎర్రపెన్ను మా అబ్బాయిది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఒక రోజు నానమ్మ అడిగి తీసుకుందని వాడే చెప్పాడు.

అయినా నమ్మకం కుదరక ఇస్త్రీ అబ్బాయిని అడిగాను. "అమ్మగారికి నేనింకా నూట యాభై ఇవ్వాలి బాబూ, ఎవరికివ్వాలో తెలీక ఊరుకున్నాను" అని జేబులోంచి తీశాడు. మూలింటి కోడలూ అంతే. ఒక్కరూ తీర్చలేదు. తీరినట్టు అమ్మే రాసేసింది.

మేం గ్యాస్ అని చెప్పిన మనిషి, తన సంగతి తనకి తెలిసి, ఎవరికీ చెప్పకుండా కూర్చుని లెక్కలు మూసేసుకుంది. నాకు కాళ్ళు నిలవలేదు.

మిల్లులో నేను రోజూ వాడే మాటే అది. ప్రోనోటుకి మూడేళ్ళు గడువు. దాటితే కాలదోషం పడుతుంది, కోర్టులో పనికిరాదు. ఈలోగా బాకీదారు ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. అంటే చెల్లు రాయడంతో నోటు చచ్చిపోదు, ప్రాణం పోసుకుంటుంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దు చేసినప్పుడు ఊరంతా ఏమన్నారు? "పాత నోట్లు చెల్లవు" అన్నారు. చెల్లడమంటే అక్కడ విలువ ఉండడం. మెచ్చుకోవాలంటే "అది నీకే చెల్లింది" అంటాం. మరి "నూకలు చెల్లాయి" దగ్గరికి వచ్చేసరికి ఒక్క అయిపోవడమే ఎలా అర్థమవుతుంది? మన పెద్దలకి అయిపోయాయి అనే మాట తెలీక కాదు కదా. "నూకలు అయిపోయాయి" అని ఎవరూ అనరు. చెల్లాయి అంటారు. ఆవిడ పేరున రాసిపెట్టిన నూకలు ఒక్కటీ వృథా పోకుండా, వేటికి చేరాలో వాటికి చేరాయి అని కూడా అందులో ఉంది. నాకు అలా వినపడడం మొదలైంది.

మౌసీకి ఇది చెప్పబోయాను. ఒడియాలో నూకల్ని ఖుద అంటారు. "ఖుద సరిగలా" అన్నాను. ఆవిడ "మా ఇంట్లో ఉంది, తెచ్చిస్తా ఉండు" అని లేవబోయింది. సరిగలా అంటే అయిపోయింది, అంతే. చెల్లింది అనే రెండో సగం ఒడియాలోకి రాలేదు. నేను మళ్ళీ కూర్చోబెట్టి వివరంగా చెప్తే, వినీ వినీ, తన కథొకటి చెప్పింది. ఆవిడ చెప్పే కథలో కుచేలుడు కృష్ణుడికి తీసుకెళ్ళినవి అటుకులు కావు, వేయించిన నూకలు, ఖుద భజా. "దేవుడు తిన్నదే ఖుద, మీ అమ్మది తక్కువా?" అంది.

ఇదీ నా పేచీ. పెద్దలు తప్పులుంటే దిద్దండి.

*

నరసన్నపేట నుంచి ఒక మాష్టారు:

బాబూ, బాగా పట్టుకున్నావు. చావు గురించి మనవాళ్ళు వాడే క్రియల్ని వరసగా చూడు. రుణం తీరింది అంటాం, ఆశ తీరింది అనీ అంటాం. ఒకటి ముగియడం, ఒకటి ఫలించడం, క్రియ ఒక్కటే. నూరేళ్ళు నిండాయి అంటాం. దీవించేటప్పుడు నిండు నూరేళ్ళు బతకమంటాం. దీవెనలోనూ చావులోనూ అవే రెండు మాటలు, ముందువెనకలయ్యాయి. ఇక చనిపోయాడు అన్నదానిలో చని అంటే వెళ్ళి అనే అర్థం, చనుదెంచు లోని చను అదే. వెళ్ళి వెళ్ళాడు అని రెండుసార్లు వెళ్ళడం. గతించాడు అన్నా వెళ్ళడమే. వెళ్ళాడనే మాటలు మిగిలినవాళ్ళ వైపు నుంచి చూసి అన్నవి. చెల్లాయి, తీరింది, నిండాయి అనేవి పోయిన మనిషి వైపు నుంచి చూసి అన్నవి. నా భార్య పోయి పదకొండేళ్ళు. ఇన్నాళ్ళూ పాఠం చెప్పినట్టు చెప్పానే గానీ ఈ తేడా నీ పోస్టు చదువుతుంటేనే తగిలింది.

జవాబు: మాష్టారూ, పాదాభివందనం. నిండు నూరేళ్ళు, నూరేళ్ళు నిండాయి – ఈ రెండూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూశాను. అమ్మ మా పిల్లల తల మీద చెయ్యి పెట్టి మొదటిది అనేది. రెండోది ఆవిడ మీద మేం అన్నాం.

గుణుపురం నుంచి ఒక తమ్ముడు:

అన్నా, కష్టం అర్థమవుతోంది. తప్పుగా అనుకోకు, దీన్నే కదా శ్మశాన వైరాగ్యం అంటారు. మా నాన్న పోయినప్పుడు నేనూ అంతే. ఇక ఎవరితోనూ గొడవ పడకూడదు, డబ్బు వెనక పరిగెత్తకూడదు అనుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండా అన్నదమ్ములం గట్టు తగాదాకి కోర్టుకెక్కాం.

జవాబు: తప్పేముంది తమ్ముడూ, నిజం చెప్పావు. ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు పేర్లు పెట్టారంటే మనవాళ్ళు మనిషిని ఎంత దగ్గరగా చూశారో తెలుస్తుంది. స్నానం చేసి తడిబట్టలు మార్చుకునేసరికి అది పోతుందనీ వాళ్ళకి తెలుసు. నాదీ చాలావరకు పోయింది. మొన్న బస్తా లెక్కలో తేడా వస్తే హమాలీ కుర్రాడి మీద అరిచాను, మామూలుగానే. అయితే ఆ అరుపు మధ్యలో ఎర్రపెన్ను గుర్తొచ్చి ఆగాను. ఆగినందుకు వాడే ఎక్కువ కంగారు పడ్డాడు. నాకు మిగిలింది అంతే. వైరాగ్యమేమీ కాదు. ఎవరితోనైనా లెక్క తేలకుండా రోజు ముగిస్తే నిద్ర పట్టడం లేదు. నాకూ యాభై ఆరు, షుగరుంది. ఫోన్లో ఒక నోటు రాసుకున్నాను, ఎవరికి ఏం ఇవ్వాలో, ఎవరిది వదిలెయ్యాలో. నువ్వు గట్టు సంగతి రాశావు కాబట్టి ఒక్కటి చెప్తాను, పెద్దవాణ్ణనుకుని విను. కోర్టు పని కోర్టులో ఉండనీ, నాన్న తద్దినానికి మాత్రం ఇద్దరూ ఒకే విస్తరాకు ముందు కూర్చోండి.

మౌసీ ఆమధ్య ఇంకోటి చెప్పింది. 2015లో నవకళేబరం జరిగింది కదా. పాత విగ్రహాల్ని పూడ్చాక దైతాపతులు, అంటే ఆ సేవ చేసే వంశాలవాళ్ళు, సొంత ఇంటి పెద్ద పోయినట్టే మైల పట్టి, గుండు చేయించుకుంటారట. "మా దేవుడిది వేప కర్ర. కర్ర చెల్లుతుంది కదా" అంది. చెల్లుతుంది అనే మాట నా దగ్గర నేర్చుకుని వెంటనే వాడేసింది. వినగానే ఒళ్ళు జలదరించింది. దేవుడి ఒంటికే గడువు పెట్టి, పది రోజులు ఏడ్చి, మళ్ళీ రథయాత్రకి తయారయ్యేవాళ్ళు మన పక్కింట్లో ఉన్నారు తమ్ముడూ. వాళ్ళది శ్మశాన వైరాగ్యం అనలేం.

బరంపురం నుంచి ఒక అక్క:

మీ అమ్మగారికి డెబ్భై తొమ్మిది. చేబదుళ్ళు రాసుకుని, చెల్లులు పెట్టుకుని, పెద్దకొడుకు చేతుల్లో పోయారు. మీకు ఆ మాట అందంగానే వినపడుతుంది. మా తమ్ముడు పంతొమ్మిదేళ్ళకి బైకు మీద పోయాడు. గుమ్మంలో నిలబడి ఇదే మాట అన్నారు, వాడికి నూకలు చెల్లాయని. పెట్టిన టిఫిను డబ్బా మూత కూడా తీయలేదు వాడు. ఏం చెల్లినట్టు? చెప్పండి.

జవాబు: అక్కా, మీ మాట చదివి రెండు రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ దొరకలేదు కూడా.

నేను రాసినదంతా మా అమ్మకి సరిపోయిన అర్థం. దాన్ని పట్టుకెళ్ళి మీ తమ్ముడి మీద పెట్టడానికి నాకు హక్కు లేదు. నా వృత్తిలో ఉన్నదే ఒకటి చెప్తాను. ప్రోనోటు వెనక చెల్లు ఎవరు పడితే వాళ్ళు రాస్తే చెల్లదు. కట్టినవాడి చేతిరాత ఉండాలి, లేదా సంతకం ఉండాలి. గుమ్మంలో నిలబడ్డవాడు రాసింది చెల్లు కాదు. మా అమ్మ తన చేత్తో రాసుకుంది కాబట్టి అది చెల్లింది. తుఫాను రోజున తన మీద తను అనుకుంది కాబట్టి అందరం నవ్వాం. పరామర్శకి వచ్చినవాళ్ళు అంటే నాకే కోపం వచ్చిందని పైన రాశాను కదా. ఎందుకు వచ్చిందో మీరు అడిగాకే పూర్తిగా తెలిసింది. మీ తమ్ముడి లెక్కలో చెల్లు ఎవరూ రాయలేదు. రాయనివ్వకండి. అది తీరని బాకీగానే ఉండనీయండి.

ఇకమీదట ఎవరింటికి పరామర్శకి వెళ్ళినా ఆ మాట నా నోట రాదు. కూర్చుని వస్తాను.

బరంపురం అక్క:

సరే తమ్ముడూ. డబ్బా ఇప్పటికీ మా అమ్మ దగ్గరే ఉంది. మూత తీయలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ.

ప్రశ్న అడిగిన చెల్లెమ్మ:

అన్నయ్యా, నేను ఏదో సరదాగా అడిగాను. ఇంత ఉందని తెలీదు. పరీక్షలో జాతీయం అర్థం రాయమంటే "మరణించుట" అని ఒక్క ముక్క రాసి రెండు మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఒక్కటి అడగనా, ఆ పాలపొడి డబ్బా ఏం చేశారు? అలాగే దాచుకున్నారా?

జవాబు: మొదట్లో దాచాలనే అనుకున్నానమ్మా. మూత బిగించి అటక మీద పెట్టేశాను. నాలుగు రోజులు పోయాక పొద్దున్నే గోడ మీద ఒకటే గోల. పిచ్చుకలు, గోరింకలు వచ్చి కూర్చుని అరుస్తున్నాయి. మా ఆవిడ ఏమీ అనకుండా డబ్బా దించి, పిడికెడు చల్లి, మళ్ళీ మేకుకి తగిలించింది. అప్పటినుంచీ రోజూ చల్లుతోంది. నేను మాత్రం రోజూ డబ్బాలోకి తొంగిచూసేవాణ్ణి, ఎంత తగ్గిందా అని. తగ్గుతున్నకొద్దీ గుండె బరువెక్కేది. ఖాళీ అయ్యే రోజు నేను ఇంట్లో ఉండకూడదనుకున్నాను.

పోయిన ఆదివారం చూస్తే డబ్బా అంచుదాకా ఉంది. అడిగితే, అడుగున ఓ రెండు పిడికెళ్ళు ఉండగానే, నేను మిల్లు నుంచి తెచ్చిన కొత్త నూకలు పైన పోసేశానంది. ఎప్పుడు పోసిందో రోజు కూడా గుర్తులేదట. అమ్మనాటివి ఏవో, కొత్తవి ఏవో చూద్దామని చేటలో పోసి కాసేపు నేమాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.